మీ నాన్నగారి ఫోను ఏ వెర్షనండీ?

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఒక పని చేసి చూడండి. మధ్యాహ్నం భోజనాలయ్యి అందరూ నడుం వాల్చాక, ఇంట్లో వున్న ఫోన్లన్నీ ఒకచోట పోగేసి, సెట్టింగ్స్‌లోకెళ్ళి ఒక్కోదాంట్లో ఆండ్రాయిడ్ ఏ వెర్షనుందో కాగితమ్మీద రాయండి. మీది సరికొత్తది అయ్యుంటుంది. తమ్ముడిదో చెల్లెలిదో దానికి ఒక మెట్టు కింద. అమ్మది మీరు మూణ్ణాలుగేళ్ళ కిందట వాడి పక్కన పెట్టింది. నాన్నగారిది అంతకు ముందుది, మీ మొదటి జీతంతో కొన్నది, మూల పగిలిన అద్దంతో సహా. "నాకెందుకురా కొత్తది, మాటలు వినపడుతున్నాయి కదా" అని ఆయన దాన్నే లాగిస్తుంటారు. పొలాలూ ఇళ్ళూ తాతల్నించి మనవలకి దిగుతాయి, ఫోన్లు మాత్రం మనవల దగ్గర్నించి తాతలకి ఎక్కుతాయి.

నేను చేసే ఉద్యోగమంతా ఆ కాగితం మీదే. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఆండ్రాయిడ్ యాప్‌లు రాసి పొట్టపోసుకుంటున్నాను, ఏడో ఏడు నడుస్తోంది. మా వాళ్ళ భాషలో ఈ గొడవకి ఫ్రాగ్మెంటేషన్ అని పేరు. ఒకే ఆండ్రాయిడ్, కానీ వంద వెర్షన్లు, వంద కంపెనీలు, వెయ్యి సైజుల తెరలు. దీన్ని తిట్టుకోని మొబైల్ డెవలపరుని నేనింతవరకూ చూళ్ళేదు. నేనూ తిట్టుకుంటాను. కాకపోతే ఈమధ్య ఆ తిట్టు ఎవరికి తగుల్తోందో కాస్త దగ్గర్నించి చూడాల్సొచ్చింది, ఆ సంగతే చెబుదామని.

ముందు కొంచెం పాత కథ. మా ఆఫీసులో ఆర్కిటెక్టు గారొకాయన వున్నారు, నలభై దాటినాయన. నేను ఫలానా ఫోన్లో ఫలానాది పని చెయ్యట్లేదని గొణిగినప్పుడల్లా ఆయన కుర్చీ వెనక్కి వాల్చి "మా రోజుల్లో.." అని మొదలెడతారు. ఆయన జావా ఎంఈ కాలం మనిషి. సన్ కంపెనీ వాళ్ళు జావాని "రైట్ వన్స్, రన్ ఎనీవేర్" అని అమ్మారు. ఫోన్ల దగ్గరికొచ్చేసరికి ఆ మాట గాలికి కొట్టుకుపోయింది. నోకియా సిరీస్ 40 ఫోన్లలోనే 128 బై 128 తెర ఒకటి, 128 బై 160 ఒకటి, 240 బై 320 ఇంకొకటి. తొలినాటి వాటిల్లో యాప్ మొత్తం 64 కేబీ దాటకూడదు. ఇప్పుడు మన యాప్ ఐకాన్ బొమ్మే అంతుంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది సాఫ్ట్ కీల కథ. తెర కింద ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి మీటలుండేవి గుర్తుందా? ఎడమ మీట నొక్కితే నోకియాలో ప్రోగ్రాముకి -6 అనే నంబరొచ్చేది, కుడి మీటకి -7. అదే పని మోటరోలాలో చేస్తే -21, -22. ఇలా ఒక్కో కంపెనీకీ ఒక్కో లెక్క. ఒక ఆట రాస్తే దానికి పదుల సంఖ్యలో జార్ ఫైళ్ళు తయారుచేసి, ఏ ఫోనుకి ఏది పంపాలో ఎక్సెల్ షీట్లో రాసుకుని, ఆ షీటుని ప్రాణంలా చూసుకునేవాళ్ళట.

తర్వాత 2007లో ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్ వచ్చాయి. ఓ నాలుగైదేళ్ళు సంతలా వుండేదట. సింబియన్, బ్లాక్‌బెర్రీ, విండోస్ ఫోన్, శామ్‌సంగ్ వాళ్ళ బడా, పామ్ వాళ్ళ వెబ్ ఓఎస్. "మేం అన్నిటికీ యాప్ ఇస్తాం" అని కంపెనీలు గొప్పగా రాసుకునేవి. అవన్నీ ఒక్కొక్కటే చాప చుట్టేశాయి. బ్లాక్‌బెర్రీ వాళ్ళు పాత ఫోన్ల సర్వీసుల్ని 2022 జనవరి 4న పూర్తిగా ఆపేశారు. మన దేశంలో 2017లో జియోఫోన్‌తో పాటు కై ఓఎస్ అని ఇంకోటొచ్చింది, మీటల ఫోనే గానీ యాప్‌లు నడిచేది. చివరికి రెండు మిగిలాయి. ఇంకేం, గొడవ తీరిపోయింది కదా అనుకుంటారు బయటివాళ్ళు. ఓపెన్ సిగ్నల్ అనే సంస్థ తమ యాప్ దింపుకున్న ఆండ్రాయిడ్ పరికరాల్లో వేర్వేరు మోడళ్ళు ఎన్నున్నాయో లెక్కేసేది. 2012లో అవి 3,997. 2015లో 24,093. అంటే రాజ్యాలు తగ్గాయి గానీ, మిగిలిన ఒక్క రాజ్యంలో సామంతులు ఎక్కువైపోయారు.

సరే, అసలు విషయానికొద్దాం. మేం రెండేళ్ళుగా చేస్తున్నది షుగరు, బీపీ వున్నవాళ్ళకి మందుల వేళ గుర్తుచేసే యాప్. జిల్లాల్లో క్లినిక్కులు నడిపే ఒక సంస్థ కోసం చేస్తున్నాం. డాక్టరు గారు చీటీ రాస్తే అది యాప్‌లోకొస్తుంది. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి అన్నానికి ముందు ఇన్సులిన్. వేళకి ఫోను మోగాలి, పెద్దాయన మందు వేసుకుని 'వేసుకున్నాను' అని నొక్కాలి. నొక్కకపోతే కొడుక్కో కూతురికో కబురెళ్ళాలి. ఇందులో ఏఐ లేదు, బ్లాక్ చైన్ లేదు. ఇంటర్వ్యూలో చెప్తే ఎదుటివాడు ఆవలిస్తాడు.

"రాత్రి ఎనిమిదింటికి ఫోను మోగాలి. అంతే కదా?" అన్నారు క్లినిక్కు వాళ్ళు. అంతే! గూట్లో పెట్టిన పాత అలారం గడియారం చేసే పని. ఆ అంతే వెనక ఏం జరిగిందో చూడండి.

ఆండ్రాయిడ్ 4.3 దాకా ఎనిమిదింటికి లేపమంటే ఎనిమిదింటికే లేపేది. 2013లో 4.4 వచ్చింది. అందరి అలారాల్నీ దగ్గర దగ్గరగా కట్టగట్టి ఒకేసారి లేపితే బ్యాటరీ మిగుల్తుందని, మామూలుగా పెట్టిన అలారాన్ని అటూ ఇటూ జరపడం మొదలెట్టింది. కచ్చితంగా అదే వేళకి కావాలంటే 'సెట్ ఎగ్జాక్ట్' అని వేరే పిలుపు వాడాలి. సరే వాడదాం. 2015లో 6.0 వచ్చింది, దాంతోబాటు 'డోజ్' అని ఓ కునుకు వచ్చింది. ఫోను బల్లమీద కదలకుండా, తెర ఆరిపోయి, ఛార్జరు లేకుండా కాసేపుంటే అది నిద్రలోకి జారుకుంటుంది, ఎగ్జాక్ట్ అని పెట్టినవాటిని కూడా లెక్కచెయ్యదు. పెద్దవాళ్ళ ఫోను ఎక్కడుంటుంది? టీవీ పక్కన బల్లమీద, కదలకుండా. నిద్రలో వున్నా లేపమని ఇంకో పిలుపు వాడాలి. 2017లో 8.0 వచ్చి, వెనకాల నడిచే పనుల్ని కట్టడి చేసింది, నోటిఫికేషన్లని ఛానళ్ళుగా విడగొట్టింది. ఏదో ఛానల్ని పొరపాటున ఎవరో మూసేశారంటే మా అలారం మూగది. 2018లో 9 వచ్చి, మీరు ఎక్కువగా తెరవని యాప్‌లని వెనక బుట్టలో పడేసి వాటి పనుల్ని ఆలస్యం చెయ్యడం మొదలెట్టింది. మందుల యాప్‌ని ఎవరైనా సరదాగా తెరుస్తారా? 2021లో 12 వచ్చి, కచ్చితమైన అలారానికి విడిగా పర్మిషన్ కావాలంది. 2022లో 13 వచ్చి, అసలు నోటిఫికేషన్ చూపించడానికే అడగాలంది. 2023లో 14 వచ్చి, 12లో పెట్టిన ఆ అలారం పర్మిషన్ కొత్తగా ఎక్కించుకునే యాప్‌లకి మొదట్లోనే ఇవ్వం, మనిషి చేత సెట్టింగ్స్‌లో ఆన్ చేయించుకోండి అంది. అలారం గడియారాలకీ క్యాలెండర్లకీ వేరే దారుంది. మా మాత్రల యాప్ ఏ కోవలోకొస్తుందో ఫారాలు నింపి ఒప్పించడానికి పట్టిన రోజుల్లో ఇంకో చిన్న యాప్ రాసెయ్యొచ్చు.

ఒక్క ఎనిమిది గంటల మోతకి మా కోడులో ఏడు దారులున్నాయి. ఏ ఫోను ఏ దారిన పోతుందో చూసుకుంటూ 'ఇఫ్'ల మీద 'ఇఫ్'లు. కొత్తగా చేరిన కుర్రాడికి ఆ ఫైలు చూపిస్తే "సర్, ఇది క్లీన్ చేసేద్దామా?" అన్నాడు. వద్దు నాయనా, అందులో ప్రతి గీతా ఎవరిదో ఒకరి ఇల్లు అన్నాను.

ఇందులో గూగుల్‌ని ఆడిపోసుకోడానికేం లేదు. టార్చిలైటు యాప్ కూడా పది నిమిషాలకోసారి ఫోన్ని తట్టిలేపి మీరెక్కడున్నారో కనుక్కునే రోజులవి. ఊరుకుంటే సాయంత్రానికి బ్యాటరీ గుండుసున్నా. ఎవరో చేసిన పాపానికి మందుల యాప్ కూడా వరసలో నిలబడి గుర్తింపు కార్డు చూపించాల్సొస్తోంది, అంతే.

గూగుల్ రాసిన రూలైతే చదువుకోవచ్చు. ఫోన్ల కంపెనీలు దానిమీద సొంతంగా అద్దుకునే పూతలకి రూలే లేదు. "మా ఫోను రెండ్రోజులొస్తుంది" అని పెట్టె మీద రాసుకోవడం కోసం, తెర ఆరగానే యాప్‌ల గొంతు నొక్కేసే ఏర్పాట్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకున్నారు. 'స్లీప్ యాజ్ ఆండ్రాయిడ్' అనే యాప్ చేసినవాళ్ళు ఈ బాధ పడలేక 'డోంట్ కిల్ మై యాప్' అని ఒక సైటే పెట్టి, ఏ కంపెనీ ఫోన్లో ఏ మీట నొక్కితే యాప్ బతుకుతుందో రాసిపెట్టారు. కంప్యూటర్లో ఎమ్యులేటర్ పెట్టుకుని ఎంత టెస్ట్ చేసినా ఇవేవీ కనపడవు. ఎమ్యులేటర్ మంచి బాలుడు, పుస్తకంలో వున్నట్టే ప్రవర్తిస్తుంది.

అందుకని మా ఆఫీసులో ఒక సొరుగుంది. అందులో పందొమ్మిది పాత ఫోన్లు. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్ళి సెకండ్ హ్యాండువి ఏరుకొచ్చినవి. కొట్టువాడు నన్ను చూసి దొంగ సరుకు బాపతేమో అనుకునుంటాడు, ఎందుకంటే నేను "కొత్తది వద్దన్నా, అప్‌డేట్ చెయ్యనిదే కావాలి" అని బేరం చేశాను. ఆర్థిక శాఖ వాళ్ళకి ఆ బిల్లు అర్థమయ్యేట్టు చెప్పడం ఇంకో కథ.

యాప్ విడుదలై నెల తిరక్కుండానే ఒక ఫోనొచ్చింది. తెనాలి దగ్గర ఒక ఊర్నించి, రిటైరైన లెక్కల మాస్టారు. సపోర్టు అమ్మాయికి అంతుపట్టక నాకు కలిపింది.

"బాబూ, మీ యంత్రం పది రోజులు బ్రహ్మాండంగా మోగింది. మూడ్రోజుల్నించీ మౌనవ్రతం పట్టింది. నిన్న రాత్రి సూది మర్చిపోయాను" అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది పెట్టింది. ఫోను ఎవరు కొన్నారండీ అనడిగితే, బెంగుళూరులో వున్న అబ్బాయి వాడి ఇచ్చినదట. "వాడు మొన్నొచ్చినప్పుడు చెప్పాడు బాబూ, రాత్రి పడుకునే ముందు తెరిచున్నవన్నీ పైకి తోసెయ్యి నాన్నా, ఛార్జింగు నిలుస్తుందని. అప్పట్నించీ తు.చ. తప్పకుండా తోస్తున్నాను."

మామూలు ఆండ్రాయిడ్‌లో అలా తోసినా అలారానికేం కాదు. ఆయన ఫోన్లో మాత్రం తోసెయ్యడమంటే యాప్ పీక పిసకడమే, పెట్టిన అలారాలన్నీ రద్దు. మళ్ళీ మనిషి వెళ్ళి యాప్ తెరిస్తే తప్ప బతకదు. లెక్కల మాస్టారు కాబట్టి చెప్పిన పని వరసగా చేశారు, పాపం. సరే, ఆటోస్టార్ట్ ఆన్ చేయిద్దామని మొదలెట్టాను. "సెట్టింగ్స్ తెరవండి మాస్టారూ. బ్యాటరీ అని వుంటుంది చూడండి." "బ్యాటరీ.. వుంది." "దాంట్లో యాప్ లాంచ్ అని వుందా?" "లేదు బాబూ." నా చేతిలో అదే కంపెనీ అదే మోడలు ఫోనుంది, దాంట్లో వుంది. తీరా చూస్తే ఆయనది ఒక అప్‌డేట్ వెనక. ఆ అప్‌డేట్‌కి ముందు ఆ మీట ఇంకెక్కడో వుండేది. పైగా అబ్బాయి ఫోన్ని తెలుగులో పెట్టిచ్చాడు, మెనూల పేర్లు తెలుగులో ఎలా వున్నాయో ఆయన చదువుతుంటే నాకే అర్థం కాలేదు. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. చివర్లో ఆయన "ఇన్ని మీటలు నొక్కించి నేర్పే బదులు, అది మోగకపోతే మోగలేదని నాకు చెప్పే ఏర్పాటేదైనా వుందా?" అన్నారు. లెక్కల మాస్టారు కదా! ఆ ప్రశ్న మాత్రం పుస్తకంలో రాసుకున్నాను.

కోడు మాటలే చెప్పుకుంటూ పోతే తెలుగక్షరాల మాట పక్కకి పోతుంది. మన లిపి పైకీ కిందకీ పెరిగే లిపి. గుడులు పైన, ఒత్తులు కింద. ఇంగ్లీషు కొలతకి కుట్టిన బటన్లో తెలుగు పెడితే 'స్త్రీ'కి కాళ్ళు తెగిపోతాయి. వాడిన అక్షరాల ఎత్తుని బట్టి గీతకీ గీతకీ మధ్య జాగా సర్దే ఏర్పాటు ఆండ్రాయిడ్ 9లో, అంటే 2018లో వచ్చింది. అంతకు ముందువాటిల్లో మనమే చూసుకోవాలి. మా టెస్టింగ్ అమ్మాయి ఒకరోజు పాత ఫోనొకటి తెచ్చి నా ముందు పెట్టింది. అక్షరాల సైజు ఆఖరుదాకా పెంచి పెట్టింది, పెద్దవాళ్ళు పెట్టుకునేట్టు. మందు వేళ తెరమీద రెండు బటన్లు. ఒకటి 'వేసుకున్నాను', రెండోది 'వేసుకోలేదు'. జాగా చాలక ఒకటి 'వేసుకు..' అనీ, ఇంకోటి 'వేసుకో..' అనీ కనిపిస్తున్నాయి. చత్వారం వున్న కళ్ళకి ఆ రెంటికీ తేడా ఏముంది? పైగా రెండోది చూస్తే మందు వేసుకో అని చెప్తున్నట్టే వుంది! విడుదలకి ముందే దొరికింది కాబట్టి సరిపోయింది. మాటలు తీసేసి పచ్చటి 'అవును', ఎర్రటి 'లేదు' పెట్టాం. ఆ పిల్లకి ఆ నెల బోనస్ ఇవ్వాలని నేను రాసిన మెయిలుకి ఇప్పటిదాకా జవాబు లేదనుకోండి.

తెలుగు అంటే గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో నేను బీటెక్ మూడో ఏడు. 'జ్ఞా' అనే మన అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కనపడని గుర్తుతో కలిపి మెసేజీలో పంపితే ఐఫోన్లు కుప్పకూలిపోయాయి. ప్రపంచమంతా 'ఇండియన్ క్యారెక్టర్' అని వార్తలు. ఫిబ్రవరి 19న యాపిల్ వాళ్ళు 11.2.6 అని ఒక అప్‌డేట్ వదిలి సరిచేశారు. హాస్టల్లో మేమంతా మన అక్షరం దెబ్బ చూశారా అని తెగ మురిసిపోయాం. ఇప్పుడు ఆలోచిస్తే ఇంకోటి తోస్తుంది. అది ఐఫోన్ కాబట్టి, అప్‌డేట్ వాళ్ళ చేతిలో వుంది కాబట్టి, కొద్దిరోజుల్లో మందు అందరికీ చేరింది. అదే ఆండ్రాయిడ్ అయితే గూగుల్ సరిచేసి, చిప్పుల వాళ్ళకిచ్చి, వాళ్ళు ఫోన్ల కంపెనీకిచ్చి, వాళ్ళు "ఆ మోడలు మేం అమ్మడం మానేశాం" అని ఊరుకుంటే మీ నాన్నగారి దాకా అది ఎప్పటికీ రాదు. 2017లో ఆండ్రాయిడ్ 8తో గూగుల్ ట్రెబుల్ అని ఒక ఏర్పాటు పెట్టి, చిప్పుల వాళ్ళ భాగాన్ని అసలు ఆండ్రాయిడ్ నుంచి విడదీసింది. అప్‌డేట్లు తొందరగా రావడానికి అది పనికొచ్చింది, కాకపోతే దానికన్నా ముందు పుట్టిన ఫోన్లకి కాదు. మన సొరుగులో సగం వాటికన్నమాట.

మరి రియాక్ట్ నేటివ్, ఫ్లటర్ లాంటివి వాడొచ్చు కదా అని మీరడగొచ్చు. వాడొచ్చు, తెర మీద బొమ్మ అన్నిచోట్లా ఒకేలా వస్తుంది. ఫోను నిద్రపోయాక దాన్నెలా లేపాలన్నది మాత్రం చివరికి ఆ ఫోను సిస్టమునే అడగాలి. ఐఫోన్ల సంగతి మాకు తక్కువ, క్లినిక్కులో డాక్టర్లకే వున్నాయి. అక్కడ ఇంకో లెక్క. ఒక యాప్ ముందుగా పెట్టుకోగలిగిన లోకల్ నోటిఫికేషన్లు 64. రోజుకి నాలుగు మందులంటే పదహారు రోజులు, ఆ తర్వాత మళ్ళీ నింపాలి. నింపడానికి ఎవరైనా యాప్ తెరవాలి. చూశారా, అక్కడికే వచ్చాం.

ఇక పోయినేడు జరిగిన మీటింగు. 2025 జూన్ నుంచి గూగుల్ వాళ్ళ ఆండ్రాయిడ్ ఎక్స్ లైబ్రరీల కొత్త వెర్షన్లకి కనీసం ఏపీఐ 23, అంటే 6.0 వుండాలన్నారు. అప్పటిదాకా మాది 21. ఎలాగూ పెంచాలి కదా, పెంచేదేదో ఒకేసారి 29కి, అంటే ఆండ్రాయిడ్ 10కి తీసుకుపోదాం అన్నారు మా డెలివరీ మేనేజరు గారు. గోడ మీద గుండ్రటి బొమ్మ, ఏ వెర్షను వాళ్ళు ఎంతమందని. ఆండ్రాయిడ్ 10 కన్నా పాతవాళ్ళది సన్నటి ఎర్ర ముక్క. "ఈ ముక్క కోసం మన టెస్టింగు టైములో సగం పోతోంది" అన్నారు.

ఆయన మాటలో తప్పుందనను. పాత ఫోన్లకి సెక్యూరిటీ ప్యాచీలు ఆగిపోయి ఏళ్ళయింది, అందులో జనం ఆరోగ్య వివరాలు పెడుతున్నాం. లోకం కూడా అటే పోతోంది. వాట్సాప్ 2023 అక్టోబరులో 5.0 కన్నా పాత ఆండ్రాయిడ్‌లని వదిలేసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ల గొడవ మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. వాళ్ళ సొంత రూట్ సర్టిఫికెట్టు ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే ఫోన్లలో వుంది. 2020 నవంబరులో వాళ్ళే చెప్పారు, ఆండ్రాయిడ్ ఫోన్లలో 33.8 శాతం అంతకన్నా పాతవని. వాటిల్లో సైట్లన్నీ ఒక్కసారిగా తెరుచుకోకుండా పోతాయని గగ్గోలు. పాత ఆండ్రాయిడ్‌లు తమలో వున్న రూట్ సర్టిఫికెట్టు గడువు తేదీని పట్టించుకోవన్న చిన్న కిటుకు మీద, వేరే సంస్థ సంతకంతో ఇంకో మూడేళ్ళు లాక్కొచ్చారు. 2024 సెప్టెంబరు 30తో ఆ సంతకం గడువూ తీరింది. మూడో వంతు ఫోన్ల కోసం ఎవరో అంత తంటాలు పడ్డారు, మన ఎర్ర ముక్క కోసం మనం ఎంత పడాలి?

నేను చేసిందల్లా ఒక క్వెరీ రాయడం. యాప్‌లో చేరేటప్పుడు వయసు తీసుకుంటాం కదా, ఆ ఎర్ర ముక్కలో వున్నవాళ్ళ వయసు ప్రకారం ఇంకో బొమ్మ గీశాను. అక్కడున్నది దాదాపు అంతా అరవై దాటినవాళ్ళే. ఇంకో నిలువు వరస కలిపి రోజుకి ఇన్సులిన్ ఎన్నిసార్లో పెట్టాను. మొత్తం జనంలో సన్నటి ముక్కే, నిజమే. ఎవరి కోసం ఈ యాప్ మొదలెట్టామో వాళ్ళలో తీసుకుంటే సన్నటి ముక్క కాదు. మా టీములో పదకొండు మందిమి, పదకొండు మందికీ ఆండ్రాయిడ్ 14 కన్నా తక్కువది లేదు. ఆండ్రాయిడ్ 10కి దిగువన గీత గీస్తే ఈ గదిలో ఒక్కరి ఫోనూ పోదు, మన ఇళ్ళల్లో ఫోన్లు పోతాయి అన్నాను. మేనేజరు గారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా మావగారిది ఏదో చూడాలి" అన్నారు.

ఏకగ్రీవంగా చప్పట్లు కొట్టారని అనుకునేరు, ఆఫీసుల్లో అలా జరగదు. మూడు మీటింగులయ్యాక రాజీ కుదిరింది. కొత్త యాప్‌కి గీత 26 దగ్గర, అంటే 8.0. దానికన్నా పాత ఫోన్లలో ఇప్పుడున్న యాప్ అలాగే వుంటుంది, కొత్త హంగులేవీ రావు. ప్లే స్టోర్లో పాత వెర్షన్ని తీసెయ్యకుండా వుంచితే పాత ఫోన్లకి అదే దొరుకుతుంది, అందువల్ల ఆ దారి వుంది. సర్వరు వైపు పాత తలుపు మూసెయ్యకూడదని కాగితమ్మీద రాయించాను. ఆ సర్టిఫికెట్టుని యాప్‌లోనే మూట కట్టి పెట్టాం.

మాస్టారి ప్రశ్నకి కూడా ఒక జవాబు దొరికింది. అలారం మోగినట్టు ఫోను నుంచి సర్వరుకి కబురు రాకపోతే, పావుగంట తర్వాత సర్వరే మామూలు ఫోన్ కాల్ చేస్తుంది. క్లినిక్కులో రిసెప్షన్ అమ్మాయి గొంతు రికార్డు చేశాం. "మందు వేళయింది, వేసుకున్నారా? వేసుకుంటే 1 నొక్కండి" అని. ముందు ఎస్సెమ్మెస్ అనుకున్నాం గానీ, తెలుగులో రాస్తే ఒక మెసేజీకి 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషులో అయితే 160. గుణింతం, ఒత్తు కూడా విడివిడిగా లెక్కే. ఆ 70లో మందు పేరే సరిపోయేది. పైగా ప్రతి మెసేజీకి డీఎల్‌టీలో టెంప్లేటు రిజిస్టరు చేయించాలి. కాలే నయం. ఫోన్ కాల్ ఏ వెర్షన్లో అయినా మోగుతుంది. డోజ్ వున్నా, పైకి తోసేసినా మోగుతుంది. నలభై వేల ఫోనైనా, పగిలిన అద్దమైనా ఒకటే. ఇన్నేళ్ళ చదువు చదివి, ఏడు దారుల కోడు రాసి, చివరికి ల్యాండ్ లైన్ దగ్గరికి చేరామని ఆర్కిటెక్టు గారు ఒకటే నవ్వు.

ఒక్కో కాల్‌కీ డబ్బులవుతాయి. అవి ఎవరు పెట్టుకోవాలన్నది క్లినిక్కు వాళ్ళకీ మాకూ ఇంకా తేలలేదు. మార్చి దాకా మా కంపెనీ భరిస్తుంది, ఆ తర్వాత మళ్ళీ మీటింగు. ఈసారి ఎర్ర ముక్క పక్కన వయసు బొమ్మ కూడా స్లైడులో ముందే పెట్టమని చెప్పాను, పెడతామన్నారు.

మాస్టారు తర్వాత ఒకసారి ఫోన్ చేశారు. కాల్స్ వస్తున్నాయట. "ఆ అమ్మాయి 'వేసుకున్నారా' అని అడుగుతుంటే అబద్ధం చెప్పబుద్ధి కాదు బాబూ" అన్నారు. అలారాన్ని మాత్రం ఇప్పటికీ రోజూ రాత్రి పైకి తోస్తూనే వున్నారు, అబ్బాయి చెప్పాడు కదా మరి!

సొరుగులో వున్న 6.0 ఫోను బ్యాటరీ పోయినవారం ఉబ్బిపోయింది. వెనక మూత లేచి నిలబడింది. పాత యాప్‌ని బతికించుకోవాలంటే అలాంటిది ఇంకోటి కావాలి. ఈ శనివారం జగదీష్ మార్కెట్‌కి వెళ్తున్నాను. మీ ఇంట్లో అల్మారాలో ఎవరికైనా పనిచేసే 6.0 ఫోనుంటే చెప్పండి, ఛార్జరు లేకపోయినా ఫర్వాలేదు. అప్‌డేట్ మాత్రం చెయ్యకండి :)